నాలుగు నక్షత్రాలను ఎవరు లెక్కపెట్టాలి?

మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దాయన వియత్నాం యుద్ధానికి వెళ్లి వచ్చిన మనిషి. మేము అమెరికా వచ్చిన కొత్తలో వాకిట్లో మంచు ఎత్తిపోయడం దగ్గర్నుంచి పన్నుల కాగితాలు ఎన్నేళ్లు దాచుకోవాలన్న సంగతి దాకా మాకు ఎన్నో నేర్పారు. పోయిన ఏడాది ఊళ్లో మాజీ సైనికుల పేర్లతో ఒక రాతిగోడ కట్టడానికి కమిటీ ఏర్పడింది. పేరు, పనిచేసిన సంవత్సరాలు, పొందిన పతకాలు రాతి మీద చెక్కుతారు. దరఖాస్తుకు డీడీ-214 అనే సైనిక విడుదల పత్రం నకలు జతచేయాలి. ఆయన కూతురు దరఖాస్తు నింపి పంపితే పది రోజులకు అది తిరిగొచ్చింది. పతకాల వరుసలో ఆమె రాసిన ఏడింటిలో నాలుగింటి మీద ఎర్ర గీతలున్నాయి. ఫోన్ చేసి అడిగితే అవతలి మనిషి మర్యాదగానే జవాబిచ్చాడట: "మీ నాన్నగారి మాట మీద మాకు అనుమానం లేదు. కాగితంలో లేనిదాన్ని మాత్రం మేం చెక్కలేం."

ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆ కమిటీలో నేనే ఉన్నా అంతకన్నా భిన్నంగా చెప్పి ఉండేవాణ్ణి కాదు. కానీ ఆ తర్వాత పది నెలల పాటు పెద్దాయన కాగితాల వెంట నడిచాక నాకొక అభిప్రాయం స్థిరపడింది. సైనికుడి రికార్డుకు ఎక్కవలసిన గుర్తింపుల్లో కొన్ని రుజువు చేయవలసినవి, కొన్ని కేవలం లెక్కగట్టవలసినవి. రుజువు భారం సైనికుడి మీద పెట్టడం కొంతవరకు సబబే. లెక్క మాత్రం సైన్యం చేయవలసిన పని. ఇప్పుడు రెండూ సైనికుడి నెత్తి మీదే ఉన్నాయి, పైగా రెండింటికీ ఒకటే గుమ్మం.

ఎర్ర గీత పడిన నాలుగు ఇవి: బ్రాంజ్ స్టార్లు నాలుగు, వియత్నాం ప్రభుత్వపు గాలంట్రీ క్రాస్, శౌర్యాన్ని సూచించే 'వి' గుర్తుతో ఆర్మీ కమెండేషన్ మెడల్, యుద్ధంలో గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్. ఈ నాలుగింటి కథ నాలుగు రకాలుగా ముగిసింది. నా వాదన అంతా ఆ తేడాలోనే ఉంది.

రెండు రోజుల్లో టైపు చేసిన రెండేళ్లు

డీడీ-214 అంటే సైన్యం నుంచి విడుదలయ్యే రోజున చేతిలో పెట్టే కాగితం. పింఛను, ఆసుపత్రి, ఇంటి రుణం, చివరికి సమాధి రాయి దాకా అన్నిటికీ అదే ఆధారం. ఆయన కాలపు కాగితంలో పతకాలకు కేటాయించినది 24వ గడి. అందులో మూడే ఉన్నాయి: నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్, వియత్నాం సర్వీస్ మెడల్, రిపబ్లిక్ ఆఫ్ వియత్నాం క్యాంపెయిన్ మెడల్. అప్పట్లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన దాదాపు ప్రతి సైనికుడి కాగితంలోనూ ఉండేవి ఈ మూడే.

ఆయన నిర్బంధ సైనిక సేవ కింద రెండేళ్లకు వెళ్లినవారు, శతఘ్ని దళంలో పనిచేశారు. 1968 ఆగస్టు మొదట్లో వియత్నాంలో దిగి, 1969 ఆగస్టులో తిరిగొచ్చారు. రెండేళ్ల గడువులో 150 రోజులకు మించి మిగలని వాళ్లను మళ్లీ ఇంకో స్థావరానికి పంపకుండా నేరుగా ఇంటికి పంపేసేవారు. ఆయన అమెరికా నేల మీద అడుగుపెట్టిన రెండో రోజుకే సైనికుడు కాకుండా పోయారు. ఆ రెండు రోజుల్లో వైద్య పరీక్ష, జీతం లెక్క, కొత్త దుస్తులు, దానితో పాటే ఈ కాగితం. గుమాస్తా తన ముందున్న ఫైలులో ఏముందో అదే టైపు చేశాడు. వియత్నాంలో జారీ అయిన ఉత్తర్వులు సైనికుడితో పాటు అదే విమానంలో రావు కదా. కొన్ని నెలల తర్వాత వచ్చేవి, కొన్ని వేరే ఫైలులో చేరేవి, కొన్ని అసలు వచ్చేవే కావు.

ఆ రోజు ఆ గుమాస్తా తనను ఒక ప్రశ్న అడిగాడని పెద్దాయనకు ఇప్పటికీ గుర్తు. "ఇంకేమైనా చేర్చాలా?" అన్నాడట. చేర్చాలంటే ఇంకో వరుసలో నిలబడాలి, రాత్రికి అక్కడే ఆగాలి. "ఏమీ లేవు" అని చెప్పి సంతకం పెట్టేశారు. ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు, ఏడాది తర్వాత ఇంటికి వెళుతున్నాడు. అక్కడ ఇంకో జవాబు ఎవరిస్తారు?

ఆ సంతకం యాభై ఏళ్ల తర్వాత ఆయనకే అడ్డొచ్చింది. మేం మొదట రాసిన లేఖకు ఒక కార్యాలయం నుంచి వచ్చిన జవాబులో, విడుదల పత్రాన్ని సరిచూసుకొని సైనికుడే సంతకం చేశాడు కాబట్టి అందులోని వివరాలు సరైనవేనని భావిస్తున్నామని ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని సక్రమంగానే చేసి ఉంటారని మొదట అనుకోవడం, కాదన్నవాడే రుజువు తేవాలనడం ఇక్కడి పాలనా న్యాయంలో స్థిరపడిన సూత్రం. అది లేకపోతే ఏ దస్తావేజుకూ విలువ ఉండదన్నది నిజమే. కానీ ఆ జవాబు చదువుతుంటే నా కళ్ల ముందు మెదిలింది ఆ వరుసే.

అగ్నిప్రమాదం, దాని నీడ

ఇన్నేళ్లుగా ఎందుకు అడగలేదని నేనడిగితే ఆయన చెప్పిన జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. "మా ఫైళ్లన్నీ సెయింట్ లూయిస్‌లో కాలిపోయాయి కదా" అన్నారు. మాజీ సైనికుల క్లబ్బులో ఎవరో చెప్పారట, ముప్పై ఏళ్ల కిందట.

మంట నిజమే. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ శివార్లలోని ఓవర్లాండ్‌లో, జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తు తగలబడింది. నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు లేవు, నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు. ఒక కోటి 60 లక్షల నుంచి ఒక కోటి 80 లక్షల వరకు సైనికుల ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 లోపు ఆర్మీ (భూసైన్యం) నుంచి విడుదలైన సైనికుల ఫైళ్లలో 80 శాతం బూడిదయ్యాయి. వైమానిక దళంలో 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి 1 లోపు విడుదలైనవారిలో, ఇంటిపేరు అక్షరక్రమంలో హబ్బర్డ్ అన్న పేరు తర్వాత వచ్చేవాళ్లవి 75 శాతం పోయాయి. మంటను ఆర్పిన నీళ్లు మిగిలినవాటిని బూజు పట్టించాయి. తడిసిన కాగితాలను విమాన తయారీ సంస్థ వాక్యూమ్ గదుల్లో ఆరబెట్టి కొంత దక్కించుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలోనో కొరియాలోనో పనిచేసినవాళ్ల కుటుంబాలు ఇప్పటికీ జీతపు చీట్లు, దళాల రోజువారీ హాజరు నివేదికలు, ఆసుపత్రి జాబితాలు పోగుచేసి ఆ జీవితాలను తిరిగి కూర్చుకోవలసి వస్తోంది.

కానీ మా పెద్దాయన విడుదలైంది 1969లో. శతఘ్ని దళం ఆర్మీలో భాగం, ఆయన తేదీ మంట అంటిన గడువు దాటి తొమ్మిదేళ్లు. ఆయన ఫైలుకు సెగ కూడా తగల్లేదు. కాలని ఫైలును కాలిపోయిందని నమ్మి ఒక మనిషి ముప్పై ఏళ్లు ఊరుకున్నారు. మంట చేసిన నష్టానికి లెక్క ఉంది. ఈ పుకారు చేసిన నష్టానికి లేదు. ఫలానా తేదీ తర్వాత విడుదలైనవారి ఫైళ్లు భద్రంగా ఉన్నాయన్న ఒక్క వాక్యం ఆ మనుషులకు ఎవరైనా ఉత్తరం ద్వారా తెలియజేసి ఉంటే సరిపోయేది.

క్యాలెండరు చాలు

ఇక ఎర్ర గీతల సంగతి. మొదటి గీత కమిటీ సరిగానే కొట్టింది. కూతురు రాసిన 'బ్రాంజ్ స్టార్లు నాలుగు' నిజం కాదు. బ్రాంజ్ స్టార్ అనేది 1944లో పుట్టిన ఒక ప్రత్యేక పతకం. ఆమె తండ్రి ఎప్పుడో చెప్పిన నాలుగు కంచు నక్షత్రాలు వేరు. వియత్నాం సర్వీస్ మెడల్ రిబ్బను మీద, ఆ సైనికుడు పాల్గొన్న ఒక్కొక్క దండయాత్రకు ఒక్కొక్కటి చొప్పున అతికించుకునే చిన్న నక్షత్రాలు అవి. ఆమె రాసినట్టే రాతి మీద చెక్కి ఉంటే, ఆమె తండ్రి తనకు తెలియకుండానే అబద్ధమైపోయేవారు. ఇక్కడ నేను కాసేపు ఆగి ఆలోచించవలసి వచ్చింది. కాగితం పట్ల ఆ కమిటీ చూపిన మొండితనమే ఆయన పరువు కాపాడింది.

అయితే ఆ నాలుగు నక్షత్రాలు మాత్రం ఆయనవే. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని మేమిద్దరం లెక్కేశాం. వియత్నాం యుద్ధాన్ని సైన్యం 17 దండయాత్రలుగా విభజించింది, ప్రతిదానికీ తేదీలున్నాయి. కౌంటర్ అఫెన్సివ్ ఐదో దశ 1968 జూలై 1 నుంచి నవంబరు 1 వరకు. ఆరో దశ నవంబరు 2 నుంచి 1969 ఫిబ్రవరి 22 వరకు. టెట్ 69 ఫిబ్రవరి 23 నుంచి జూన్ 8 వరకు. సమ్మర్-ఫాల్ 69 జూన్ 9 నుంచి అక్టోబరు 31 వరకు. ఆయన వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ అదే డీడీ-214 మీద ఉన్నాయి. ఆ రెండు తేదీల మధ్య పెన్సిలుతో గీత గీస్తే నాలుగు దశలను దాటింది. దీనికి సాక్షి అక్కర్లేదు, సేనాధిపతి లేఖ అక్కర్లేదు, ధైర్యసాహసాల చర్చ అక్కర్లేదు. నాకు పట్టింది పది నిమిషాలు, అందులో సగం కళ్లజోడు వెతకడానికి.

రెండో గీత ఇంకా విచిత్రం. గాలంట్రీ క్రాస్ అని ఆమె రాసింది. వ్యక్తిగతంగా ఇచ్చే గాలంట్రీ క్రాస్ ఆయనకు రాలేదు. కానీ తాటాకు గుర్తుతో ఉన్న గాలంట్రీ క్రాస్ దళ ప్రశంస ఒకటుంది. వియత్నాంలో పనిచేసిన అమెరికా సైనిక దళాలన్నిటికీ అది వర్తిస్తుందని 1974లో సైనిక శాఖ 8వ నంబరు జనరల్ ఆర్డరులో ప్రకటించింది. ఆయన కాగితం టైపు చేసింది 1969లో. అంటే ఆ గుమాస్తా తప్పేమీ చేయలేదు. కాగితం ఆ రోజుకు సరైనదే, ఐదేళ్ల తర్వాత అసంపూర్ణమైంది. ఉత్తర్వు ఇచ్చింది సైన్యం, ఎవరికి వర్తిస్తుందో తెలిసింది సైన్యానికి, ఫైళ్లున్నది ప్రభుత్వం దగ్గర. తెలియనిది ఒక్క ఆయనకే. అయినా అడగవలసింది మాత్రం ఆయనే.

ఇది వియత్నాంతో మొదలైన వ్యవహారమూ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పదాతిదళ పోరాట చిహ్నం గానీ, యుద్ధరంగ వైద్య సహాయకుల చిహ్నం గానీ పొందినవారందరికీ బ్రాంజ్ స్టార్ మెడల్‌కు అర్హత కల్పిస్తూ 1947లో విధానం తెచ్చారు. అప్పటికి వాళ్లలో అత్యధికులు ఇళ్లకు చేరి పొలాల్లోనో ఫ్యాక్టరీల్లోనో పడిపోయారు. పతకం కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సంగతి తెలిసిన వాళ్లు పెట్టుకున్నారు. తెలియని వాళ్ల విషయంలో, ముసలాయన పోయాక అటక మీది పెట్టెలో చిహ్నం దొరికి, మనవలు ఆరా తీసి, పతకం తెప్పించుకున్న కుటుంబాలు ఉన్నాయి.

వియత్నాంలో పనిచేసినవాళ్లు సుమారు 27 లక్షల మంది. అన్ని ఫైళ్లూ తీసి లెక్క సరిచేయమనడం కుదిరే పని కాదని ఎవరైనా అనవచ్చు. నేను అంత అడగడం లేదు. ఏదో ఒక అవసరానికి, అంటే నకలు కోసమో, సమాధి రాయి కోసమో, ఆసుపత్రి ప్రయోజనం కోసమో ఒక ఫైలు అరలోంచి బల్ల మీదికి వచ్చినప్పుడు, దాన్ని మళ్లీ అరలో పెట్టేముందు తేదీలు ఒకసారి చూసి, చేర్చవలసినవి చేర్చి, ఒక కాగితం ఆ మనిషికి పంపమంటున్నాను. ఫైలు ఎలాగూ బయటికి తీశారు.

ఇది అసాధ్యం కాదని నాకెలా తెలుసంటే, వాళ్లే చేస్తున్నారు కాబట్టి. ఆర్మీ రికార్డుల సవరణ బోర్డు తన నిర్ణయాలను పేర్లు తీసేసి ప్రజలకు అందుబాటులో ఉంచుతుంది. చలికాలమంతా రాత్రిళ్లు వాటిని చదివాను. (మా ఇంట్లో దీనికి నాకు వేరే పతకమే దక్కింది, దాని వివరం ఇక్కడ అనవసరం.) వాటిలో ఒక వరస మళ్లీ మళ్లీ కనిపించింది. ఒక మాజీ సైనికుడు పర్పుల్ హార్ట్ అడుగుతాడు. బోర్డు అన్నీ పరిశీలించి ఆధారం చాలదని తిరస్కరిస్తుంది. ఆ తిరస్కరణ చివర్లోనే, దరఖాస్తుదారు అడగని విషయం ఒకటి ఉంటుంది: ఫైలు చూస్తుండగా ఇతనికి ఇన్ని కంచు నక్షత్రాలకూ ఫలానా దళ ప్రశంసకూ అర్హత ఉన్నట్టు తేలింది కాబట్టి అవి చేర్చవలసింది అని. అడిగింది ఇవ్వకుండా, అడగనిది చేతిలో పెట్టి పంపిన ఆ నిర్ణయాలు చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. తలుపు తట్టినవాడికి లెక్క సరిచేయగలిగినప్పుడు, తట్టనివాడికి ఎందుకు చేయలేరు?

రుజువు చేయవలసినవి

మూడో గీత 'వి' గుర్తుతో ఆర్మీ కమెండేషన్ మెడల్. ఇది క్యాలెండరుతో తేలేది కాదు. 1969 వసంతంలో ఒక రాత్రి తమ స్థావరం మీద దాడి జరిగినప్పుడు ఆయన చేసిన పనికి ఇచ్చామని ఆయన పై అధికారి చెప్పారట, రిబ్బను కూడా చేతికిచ్చారట. ఉత్తర్వు కాగితం మాత్రం ఆయన దగ్గర లేదు. ఇలాంటిదానికి రుజువు అడగడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. శౌర్య పతకానికి విలువ ఉండేదే అది అందరికీ దక్కదు కాబట్టి.

వియత్నాంలో 1965 నుంచి 1973 వరకు జారీ అయిన జనరల్ ఆర్డర్లకు కంప్యూటరులో ఒక సూచిక ఉంది. మొదటిసారి వెతికినప్పుడు ఆయన పేరు లేదన్నారు. రెండోసారి ఇంటిపేరును నాలుగు రకాల అక్షరక్రమాలతో రాసి, అన్నీ చూడమని కోరాం. మూడో రకంలో దొరికింది. ఇంటిపేరులో ఒక అక్షరం జారిపోయింది, పైగా సర్వీసు నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. ఇంకో చిక్కు: ఉత్తర్వు వచ్చింది 1969 మేలో, అప్పటికి సైన్యం సర్వీసు నంబర్లు వాడుతోంది. అదే ఏడాది జూలై 1 నుంచి వాటి స్థానంలో సోషల్ సెక్యూరిటీ నంబర్లు వచ్చాయి. ఆగస్టులో టైపు చేసిన విడుదల పత్రం ఒక నంబరు కింద, మే నెల ఉత్తర్వు ఇంకో నంబరు కింద, అదీ తప్పుగా. రెండు కాగితాలూ ఒకే మనిషివని ఏ గుమాస్తాకు తడుతుంది?

ఇంటిపేరును నాలుగు రకాలుగా రాసి చూడాలన్న ఆలోచన నాకు వచ్చిందంటే అది నా తెలివి కాదు. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాణ్ణి నేను. పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో ఒకలా, విమానం టికెట్టు మీద ఇంకొకలా ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాను. పేరు తప్పు పడడం మనకు మామూలు. ఆయనకు అది జీవితంలో మొదటిసారి జరిగిన అవమానంలా తోచింది.

ఉత్తర్వు దొరికింది కాబట్టి మా పని బోర్డు దాకా వెళ్లలేదు. స్పష్టమైన ఆధారం ఉన్న సవరణలను పరిపాలనా స్థాయిలోనే చేసి డీడీ-215 అనే అనుబంధ పత్రం ఇస్తారు. దొరకనివాళ్లే బోర్డు ముందుకు వెళ్లాలి. 1946కు ముందు సైనిక రికార్డు సవరించాలంటే ఒక్కొక్క మనిషి కోసం అమెరికా చట్టసభ కాంగ్రెస్ ప్రత్యేక బిల్లు పెట్టవలసి వచ్చేది. ఆ భారం దించుకోవడానికే ఆ ఏడాది చట్టం చేసి, పౌరులతో కూడిన బోర్డుల ద్వారా సవరించే అధికారాన్ని సైనిక శాఖలకు అప్పగించారు. తప్పు తెలిసిన మూడేళ్లలోగా దరఖాస్తు పెట్టాలి. న్యాయం కోసం అవసరమనిపిస్తే ఆ గడువును బోర్డు పక్కన పెట్టవచ్చు. ఆచరణలో చాలాసార్లు పక్కన పెడుతుంది కూడా.

పెట్టకపోతే ఏమవుతుందో గార్లిన్ కానర్ విషయంలో చూశాం. రెండో ప్రపంచ యుద్ధపు వీరుడాయన. ఆయనకు అత్యున్నత పతకం రావాలని భార్య పాలీన్ ఏళ్ల తరబడి పోరాడారు. కొత్త సాక్ష్యాలు ఆలస్యంగా తెచ్చారన్న కారణంతో 2014లో కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. చివరికి 2018లో మెడల్ ఆఫ్ ఆనర్ ఆమె చేతికి వచ్చింది. ఆయన 1998లోనే చనిపోయారు.

జాబితాలు ఎంత బలహీనమైనవో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1863లో మెయిన్ రాష్ట్రపు 27వ రెజిమెంటు గడువు ముగిసి ఇంటికి వెళ్లిపోతుండగా, రాజధాని కాపలాకు ఉండిపోయినవాళ్లకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇస్తామన్నారు. సుమారు 300 మంది ఉన్నారు. ఎవరెవరు ఉన్నారో సరైన జాబితా లేకపోవడంతో రెజిమెంటులోని 864 మంది పేర్లతోనూ పతకాలు తయారయ్యాయి. 1917లో సైన్యం మొత్తం 911 పేర్లను మెడల్ ఆఫ్ ఆనర్ జాబితా నుంచి కొట్టేసింది. అందులో ఆ 864 పోవడం న్యాయమే. కానీ అదే ఊపులో అంతర్యుద్ధంలో వైద్యురాలిగా పనిచేసి శత్రువుకు బందీగా చిక్కిన మేరీ వాకర్ పేరూ పోయింది, ఆమె సైన్యంలో సభ్యురాలు కాదన్న కారణంతో. ఆమె పతకం తిరిగివ్వలేదు. 1919లో చనిపోయేదాకా పెట్టుకునే తిరిగింది. 1977లో సవరణ బోర్డు సిఫారసు మీద దాన్ని పునరుద్ధరించారు. జాబితా లేనందున వందల మందికి ఎక్కువ ఇచ్చిన వ్యవస్థ, నిబంధన చూసి ఒకరికి 60 ఏళ్లు లేకుండా చేసింది. రెండు తప్పులూ కాగితానివే.

నేను నమ్మినా చాలదు

నాలుగో గీత దగ్గర నా వాదన నాకే బరువైంది. పర్పుల్ హార్ట్ కు మూడు షరతులున్నాయి. గాయం శత్రుచర్య వల్ల అయి ఉండాలి, దానికి వైద్య సిబ్బంది చికిత్స చేసి ఉండాలి, ఆ చికిత్స అధికారికంగా నమోదై ఉండాలి. పెద్దాయన ఎడమ ముంజేతి మీద అంగుళంన్నర పొడవున ఒక మచ్చ ఉంది. ఆ రాత్రి మోర్టారు తునక తగిలింది, దళంలోని వైద్య సహాయకుడు ఫిరంగి పక్కనే కట్టు కట్టి మళ్లీ పరుగెత్తాడు. ఎక్కడా రాయలేదు. అంతకన్నా పెద్ద గాయాలు అతని కోసం ఎదురుచూస్తున్నాయి. అతనిప్పుడు లేడు. గాయపడినవారి జాబితాలో ఈయన పేరు లేదు.

ఆ మచ్చను నేను చూశాను, వేలితో తడిమాను. ఆయన మాట నేను నమ్ముతాను. అయినా బోర్డు సభ్యుడిగా నన్ను కూర్చోబెడితే ఇవ్వలేనేమో. రాయడానికి తీరిక లేని చోట జరిగినదానికి రాతపూర్వక ఆధారం అడగడంలో ఒక క్రూరత్వం ఉంది, నాకు తెలుసు. కానీ నమ్మకం మీద ఇవ్వడం మొదలైతే ఏమవుతుందో కూడా చూశాం. తనకు మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని బహిరంగ సభలో అబద్ధమాడిన ఆల్వరేజ్ అనే వ్యక్తి కేసులో, అలాంటి అబద్ధాన్నే నేరం చేసిన 2005 నాటి చట్టాన్ని సుప్రీంకోర్టు 2012లో భావప్రకటనా స్వేచ్ఛ కింద కొట్టేసింది. మరుసటి ఏడాది, అబద్ధంతో డబ్బో లాభమో పొందితేనే నేరమంటూ కొత్త చట్టం వచ్చింది. అబద్ధాన్ని చట్టం ఆపలేకపోతే ఆపేది రికార్డే.

అబద్ధం ఉద్దేశం లేని మనుషులూ ఈ కాగితం మీద కాలు జారారు. నౌకాదళాధిపతి జెరెమీ బూర్దా వియత్నాం కాలపు తన రిబ్బన్ల మీద 'వి' గుర్తులు పెట్టుకునేవారు. వాటికి అర్హత ఉందా అని విలేకరులు అడగబోతున్న రోజున, 1996 మే 16న, ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆ యుద్ధకాలంలో వియత్నాంలోని నౌకాదళాలకు అధిపతిగా ఉన్న జుమ్‌వాల్ట్ ఆ గుర్తులు సబబేనని రాసిన లేఖను 1998లో ఆయన ఫైలులో చేర్చారు. సవరణ బోర్డు మాత్రం ఉత్తర్వుల్లో ఆ అధికారం లేదనే తేల్చింది. ఒక అక్షరం ఉందా లేదా అన్నది అంత బరువు మోస్తుంది.

పెద్దాయనకు నా ఈ తర్జనభర్జన అంతా చెబితే ఆయన చాలా తేలిగ్గా తీసుకున్నారు. "అది వదిలేద్దాం. నేను చూపించలేను" అన్నారు. కూతురు మాత్రం ఒప్పుకోలేదు. నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు కూడా. ఆమె ప్రశ్న ఒకటి నా దగ్గర ఇంకా జవాబు లేకుండానే ఉంది: "నాలుగు నక్షత్రాలు తామే ఇవ్వవలసి ఉండి యాభై ఏళ్లు ఇవ్వని వాళ్ల దగ్గర, రాయని చీటీ కోసం మా నాన్నను నిలదీసే హక్కు ఎక్కడిది?"

ఇదంతా రాతిగోడ కోసం కాదు. సైన్యం నుంచి విడుదలై 62 ఏళ్లు నిండిన మనిషి ఫైలు జాతీయ దస్తావేజుగా మారి ఎవరైనా చూడగలిగేది అవుతుంది. ఈయనది 2031లో అవుతుంది. అప్పుడు చదివే మనిషికి ఈయన గొంతు వినపడదు, కూతురి కోపం వినపడదు. 24వ గడి ఒక్కటే కనిపిస్తుంది.

డీడీ-215 మొన్న నెలాఖరుకు వచ్చింది. పాత కాగితాన్ని మార్చరు, దానికి ఈ కొత్తది జతచేసి దాచుకోవాలి. చేర్చవలసినవి అన్న మాట కింద మూడు వరుసలు: వియత్నాం సర్వీస్ మెడల్‌కు నాలుగు కంచు నక్షత్రాలు, గాలంట్రీ క్రాస్ దళ ప్రశంస, 'వి' గుర్తుతో ఆర్మీ కమెండేషన్ మెడల్. ఇంటిపేరు అన్ని అక్షరాలతో సరిగ్గా ఉందో లేదో ఆయన రెండుసార్లు చూసుకుని, రెండు కాగితాలకూ కలిపి పిన్ను కొట్టారు.

తర్వాత తన దళంలోనే, అదే ఫిరంగి దగ్గర పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేశారు. అతనూ 1968 ఆగస్టులోనే వెళ్లి, మరుసటి ఆగస్టులోనే తిరిగొచ్చాడు. పాత కబుర్లయ్యాక "నీ కాగితంలో ఎన్ని నక్షత్రాలున్నాయి?" అని అడిగారు. ఫోను స్పీకరులో ఉండడం వల్ల నాకూ వినిపించింది.

"ఏ నక్షత్రాలు?" అన్నాడతను.